బేరింగు మీది అంకెలు

పిల్లలూ! ఒకప్పుడు నేను చెక్కబండి చేయాలని ముందుగా 13 మిల్లీమీటర్ల ఇరుసు చేయించి, బేరింగుల కోసం విశాఖపట్నం పూర్ణా మార్కెట్టుకు బయలుదేరాను. దుకాణం వెంట దుకాణం తిరిగాను. దానికి సరిపోయేది దొరకనే లేదు! చివరకు లేతు మీద ఇరుసును 12కు తరిగించాను. కూలి దండుగ.

తప్పెక్కడ జరిగింది? కాలిని బట్టి చెప్పు కొంటాము. ఇక్కడ మాత్రం బేరింగును బట్టే ఇరుసు చేయాలి. ఈ బేరింగులు ఏ దేశంలో తయారైనా కొలతలు ఒకటే. ఆ కొలతలు తెలిపే అంకె వాటి మీదనే ఉంటుంది.

608 అంటే లోపలి రంధ్రం 8, వెలుపలి వ్యాసం 22, మందం 7 మిల్లీమీటర్లు. స్కేటింగు చక్రాలలో సాధారణంగా ఉండేది ఇదే. 6200కు రంధ్రం 10, 6201కి 12, 6202కు 15, 6203కు 17. అక్కడినుండి చిన్న లెక్క: చివరి రెండంకెలను 5తో గుణించండి. 6204కు 20 వస్తుంది. మరి 6205కు ఎంత? మీరే చెప్పండి!

అంకె పక్కన 'జెడ్ జెడ్' అని ఉంటే ఇరువైపులా రేకు మూత, '2 ఆర్ ఎస్' అని ఉంటే రబ్బరు మూత ఉన్నట్లు. ఇసుక, ఉప్పుగాలి ఉన్న సముద్రతీరానికి రబ్బరు మూతే మేలు.

ఇరుసుకు ఎక్కించేటప్పుడు లోపలి వలయం మీదనే ఒత్తండి. వెలుపలి వలయాన్ని సుత్తితో కొడితే దెబ్బ గుండ్లకు తగిలి, అవి దొర్లే దారి సొట్టపడుతుంది.

బండి పూర్తయ్యాక ఆ అంకెను నోటుపుస్తకంలో వ్రాసుకోండి. బేరింగు అరిగిననాడు దుకాణంలో అంకె చెబితే చాలు, దాని జోడు మీ చేతికి వస్తుంది.