పాఠాన్ని పిల్లలే తీస్తే...

బెంటన్‌విల్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది వాల్‌మార్ట్. 1950లో దాని వ్యవస్థాపకుడు శామ్ వాల్టన్ ఊరి నడిబొడ్డున కొన్న చిన్న కొట్టు ఇప్పుడు మ్యూజియం అయింది. ఆ కంపెనీలోనూ, దానికి సరుకు అందించే కంపెనీల్లోనూ ఉద్యోగాలు చేస్తూ అక్కడే ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రపు వాయవ్య మూలన ఉన్న ఆ ఊరి నుంచి మనం తెలుసుకోవలసిన సంగతి మరొకటుంది. అక్కడి కొన్ని బళ్లలో పిల్లలు పాఠం విని ఊరుకోరు. దాన్ని సినిమాగానో, మ్యాపుగానో, కంప్యూటర్ నమూనాగానో తయారుచేసి ఎదుటివాళ్లకు చూపిస్తారు.

థేడన్ స్కూల్‌నే తీసుకోండి. 1905లో ఈ ఊళ్లో పుట్టిన లూయీస్ థేడన్ విమానం నడిపి, 1929లో శాంటా మోనికా నుంచి క్లీవ్‌లాండ్ వరకు జరిగిన మహిళల విమాన పందెంలో గెలిచింది. ఊరి విమానాశ్రయానికి ఆమె పేరే పెట్టారు. 2017లో మొదలైన ఈ బడికీ ఆమె పేరే. ఇక్కడ చదువుకు మూడు ఇరుసులు: వీల్స్, మీల్స్, రీల్స్. సైకిళ్లు విప్పి, బిగిస్తూ భౌతికశాస్త్రం నేర్చుకోవడం మొదటిది. పంట పండించి, వండుతూ జీవ, రసాయన శాస్త్రాలు నేర్చుకోవడం రెండోది. మూడోది కథ రాసుకుని, కెమెరా పట్టి, ఎడిటింగు చేసి దృశ్యంలో చెప్పడం. సాయంత్రం క్లబ్బులో చేసే సరదా పనిగా వదిలేయకుండా సినిమా తీయడాన్ని లెక్కల సరసన కూర్చోబెట్టారు. ఈ కథనంలో నేను పదేపదే తిరిగి వచ్చేది దీని దగ్గరికే.

థేడన్ ప్రైవేటు బడి. అందుకని ఇదంతా ఉన్నవాళ్ల వ్యవహారం అనుకోకండి. బెంటన్‌విల్ ప్రభుత్వ బళ్లలో ‘ఈస్ట్’ తరగతులున్నాయి. ఈ పద్ధతి పుట్టిందీ ఆర్కన్సాలోనే. గ్రీన్‌బ్రయర్ అనే చిన్న ఊళ్లో 1996లో, పోలీసు ఉద్యోగం వదిలి బడిపంతులైన టిమ్ స్టీఫెన్సన్ దీన్ని మొదలుపెట్టారు. అందులో పాఠ్యపుస్తకం ఉండదు. పిల్లలు తమ ఊళ్లో ఒక సమస్య వెతుక్కోవాలి. వీడియో, మ్యాపింగ్, త్రీడీ డిజైన్ పరికరాల్లో అవసరమైనవి నేర్చుకుని, దానికి పరిష్కారం తయారుచేయాలి. పరికరం ఎలా వాడాలో అంతా ముందే నేర్పరు. అవసరం పడ్డాక పిల్లలే నేర్చుకుంటారు. ఇప్పుడిది 200కు పైగా బళ్లలో నడుస్తోంది. పెద్ద తరగతుల పిల్లలకు ‘ఇగ్నైట్’ పేరుతో మరో ఏర్పాటుంది. 2015లో మొదలైన ఈ కార్యక్రమంలో పిల్లలు రోజులో కొంతసేపు వృత్తి నిపుణుల పక్కన నిజమైన పనులు చేస్తారు.

భిన్నాలు నేర్పిన పిల్లలు

ఇలాంటి ఆలోచన అంతకు ముందే మసాచుసెట్స్‌లో ఉంది. ఎంఐటీ ఆచార్యుడు సీమోర్ పాపర్ట్ పిల్లల కోసం 1967లో లోగో అనే కంప్యూటర్ భాషను రూపొందించిన బృందంలో ఒకరు. నలుగురికీ కనిపించే వస్తువొకటి తయారుచేస్తున్నప్పుడే జ్ఞానం గట్టిపడుతుందని ఆయన నమ్మకం. ఆయన శిష్యురాలు ఇడిత్ హారెల్ 1980ల రెండో సగంలో బోస్టన్‌లోని ఒక ప్రభుత్వ బడిలో దీన్ని పరీక్షించారు. నాలుగో తరగతి పిల్లలు 17 మందికి ఒక పని అప్పగించారు: ‘మూడో తరగతి పిల్లలకు భిన్నాలు నేర్పే సాఫ్ట్‌వేర్ మీరే తయారుచేయండి.’ నాలుగు నెలలు పట్టింది. రోజూ పని మొదలుపెట్టే ముందు ఏం చేయబోతున్నారో, ముగించాక ఏ చిక్కు ఎదురైందో నోటుపుస్తకంలో రాసుకునేవారు.

వాళ్లలో ఒక పాప తెర మీద ఇల్లు, సూర్యుడు, బండి చక్రం గీసి, ఒక్కోదాంట్లో సగం భాగానికి రంగు వేసింది. భిన్నాలు పుస్తకంలోనే కాదు, చుట్టూ అన్నిట్లో ఉన్నాయని చిన్న పిల్లలకు చెప్పాలనుకుంది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎదుటివాళ్లకు ఎలా చెప్పాలా అని తంటాలు పడుతుండగా ఆమెకే తట్టింది. చివర్లో పరీక్ష పెడితే మామూలుగా చదివిన తరగతుల కంటే ఈ పిల్లలకు భిన్నాలూ బాగా వచ్చాయి, ప్రోగ్రామింగూ బాగా వచ్చింది. 1991లో హారెల్ పుస్తకం వచ్చింది. అయినా మన బళ్లలో కంప్యూటర్ గది అంటే ఇప్పటికీ టీచరు చెప్పిన బటన్లు నొక్కే గదే.

కత్తెర పడే చోట

తయారుచేయడంలో ఇంతగా ఏముంది? బెంటన్‌విల్‌కు కొన్ని మైళ్ల దూరంలో పీ రిడ్జ్ అనే యుద్ధభూమి ఉంది. 1862 మార్చిలో అమెరికా అంతర్యుద్ధంలో అక్కడ పెద్ద పోరు జరిగింది. అంతకు సుమారు పాతికేళ్ల ముందు, 1838-39లో చెరోకీలను సొంత నేల నుంచి వెళ్లగొట్టి నడిపించిన దారుల్లో ఒకటి ఆ నేల మీదుగానే పోయింది. చరిత్ర పుస్తకంలో ఇవి వేర్వేరు అధ్యాయాలు. ఆ చోటు మీద మూడు నిమిషాల సినిమా తీయమంటే పిల్లవాడికి రెండూ ఒకే మట్టి మీద కనిపిస్తాయి. ముందు ఏది చూపాలి? ఎవరి గొంతు వినిపించాలి? చెరోకీల మాట ఎవరు చెబితే న్యాయం? ఇరవై నిమిషాల ఫుటేజీలో పదిహేడు నిమిషాలు తీసేయాలి. తీసేసిన ప్రతి ముక్కకూ తనకు తాను కారణం చెప్పుకోవాలి. ఆ కారణాలు వెతుక్కోవడమే చరిత్ర చదవడం. నాలుగు పేజీల వ్యాసంలో తెలియని విషయాన్ని పెద్ద మాటల చాటున దాచేయవచ్చు. తెర మీద ఆ వీలు లేదు. తెలియని చోట బొమ్మ ఉండదు, మాట తడబడుతుంది, చూసేవాళ్లు అక్కడే పట్టేస్తారు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. తళుకులకు మార్కులు వేస్తే ఇదంతా పాడవుతుంది. మంచి నేపథ్య సంగీతం, ఎగిరే అక్షరాలు ఉన్నంత మాత్రాన పాఠం వచ్చినట్టు కాదు. ఇప్పుడు ఏఐని అడిగితే నిమిషాల్లో వీడియో చేతికిస్తుంది. అందుకే హారెల్ తరగతిలోని నోటుపుస్తకం ఇప్పుడే ఎక్కువ అవసరం. తుది వీడియో కంటే, అది ఎన్నిసార్లు మారింది, ఎందుకు మారింది అన్నదానికే టీచరు విలువ ఇవ్వాలి.

పస్తాపూర్ ముందే చూపింది

ఇది అమెరికా డబ్బుంటేనే సాధ్యం అనేవాళ్లకు నా జవాబు జహీరాబాద్ దగ్గర పస్తాపూర్. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ అండతో అక్కడి పేద దళిత మహిళా రైతులు కెమెరా పట్టారు. వాళ్లలో చాలామందికి అక్షరాలు రావు. షాట్లకు ఇంగ్లిషు పేర్లెందుకని తమ బతుకులోంచే పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. సంఘంలో అందరూ సమానంగా కూర్చున్నట్టు, కంటికి కన్ను ఎదురుగా ఉండేది సంఘం షాట్. ఏ ఫిల్మ్ స్కూలు పాఠమూ ఇంతకంటే బాగా కెమెరా కోణాన్ని వివరించలేదని నా గట్టి నమ్మకం. వరంగల్ జిల్లాలో బీటీ పత్తి రైతుల వెంట మూడేళ్లు తిరిగి సినిమా తీశారు. 2008 అక్టోబరు 15న వాళ్ల సంఘం రేడియో మొదలైంది. విత్తనాల గురించి, ధరల గురించి, చిరుధాన్యాల గురించి తమకు తెలిసింది లోకానికి చెప్పే క్రమంలో వాళ్లు ఇంకా ఎక్కువ తెలుసుకున్నారు.

మన పిల్లల సంగతి చూడండి. ‘ప్రాజెక్టు’ అనగానే రాత్రి తొమ్మిదికి అమ్మ చార్టు కొంటుంది, నాన్న నెట్‌లో బొమ్మలు ప్రింటు తీస్తాడు, పిల్లవాడు పేరు రాస్తాడు. తప్పు వాళ్లది కాదు. ఆ చార్టును చూసేది ఒక్క టీచరు, అదీ ఒక్క నిమిషం. చూసేవాళ్లు లేని పనిలో శ్రద్ధ పెట్టమంటే ఏ పిల్లలు పెడతారు? 2016 నుంచి కేంద్రం పిల్లలు సొంతంగా వస్తువులు తయారుచేసే అటల్ టింకరింగ్ ల్యాబుల కోసం ఎంపికైన బడికి ఐదేళ్లలో 20 లక్షల రూపాయల దాకా ఇస్తోంది. వస్తువులు కొనడానికి డబ్బుంది. కావలసింది టైంటేబుల్లో వారానికి రెండు వరుస పీరియడ్లు, ‘నాకూ తెలియదు, కలిసి చూద్దాం’ అనగల టీచరు, కింది తరగతి పిల్లల్లో ప్రేక్షకులు.

బెంటన్‌విల్‌లోని తల్లిదండ్రులకు ఒక మాట. ఏటా అమ్మమ్మలు, తాతయ్యలు మీ ఇంటికి వచ్చి నెలల తరబడి ఉంటారు. చెరువు కింద సాగు ఎలా చేసేవారో, ఆవకాయకు కాయ ఎలా ఎంచుతారో, ఊరు ఎందుకు వదిలారో మీ పిల్లలను అడగనివ్వండి, ఫోన్లో తీయనివ్వండి, ఎడిటింగు వాళ్లనే చేసుకోనివ్వండి. మీరు చెయ్యి వేయకండి. తయారయ్యాక నలుగురిని పిలిచి చూపించండి. ఇక్కడి హెడ్మాస్టర్లను కోరేదీ ఇదే: ఈ ఏడాది ఒక్క తరగతికి ఒక్క పాఠం పిల్లల చేత తీయించండి, దాన్ని కింది తరగతికి వాళ్లనే చెప్పనివ్వండి.