చుక్కాని పిడి: మన్నిక, మరమ్మతు

గౌతమి, వైనతేయ, వసిష్ఠ పాయల నడుమ నున్న కోనసీమలో పడవ నెరుగని యిల్లు అరుదు. వారధులు వెలసిన పిదప రేవుల సందడి తగ్గినను, కోటిపల్లి రేవుననో, సఖినేటిపల్లి రేవుననో ఏరు దాటినవారు ప్రతి కుటుంబమునందును కలరు. పడవ యనగానే మనకు తెరచాప, తెడ్డు, ఇంజను స్ఫురించును. ఇవి పడవను ముందునకు నడుపునవి మాత్రమే. అది ఎటు పోవలెనో నిర్ణయించునది వెనుకనున్న చుక్కాని. ఆ చుక్కానికిని మనుష్యుని చేతికిని నడుమ నున్నది ఒక్క కర్ర. నేటి మన విషయము ఆ కర్ర. ముఖ్యముగా దానికి చేర్చెడి పొడుగుకర్ర.

ఇంత చిన్న వస్తువును గూర్చి ప్రసంగ మేల యని శ్రోతలు తలపవచ్చును. అంతర్వేదియొద్ద వసిష్ఠయు, ఓడలరేవుయొద్ద వైనతేయయు సముద్రమున కలియుచున్నవి. ఈ మొగలలో ఇసుకమేటలపై అల లేచి విరుగును. వెనుకనుండి అల తరుముకొని వచ్చునపుడు పడవ ముక్కు తిన్నగా నుండవలెను. పిడి చేతిలో విరిగినచో పడవ కొన్ని క్షణములలోనే అలకు అడ్డము తిరుగును. అడ్డము తిరిగిన పడవను బోల్తా కొట్టించుటకు మరియొక్క అల చాలును. కావున కర్ర చిన్నదైనను దానిపై ఆధారపడిన ప్రాణములు చిన్నవి కావు.

పిడికి పొడుగుకర్ర ఏల కావలెను? సరుకు ఎత్తుగా పేర్చిన పడవపై సరంగు ముందుదారి కనబడుచోట నిలువవలెను. పిడి అచ్చటికి అందనపుడు మరియొక కర్ర చేర్చుట తప్పదు. తేలికపాటి తెరచాప పడవలో కారణము వేరు. అందు మనిషి బరువే తూనికరాయి. గాలి పడవను ఒకవైపునకు వాల్చునపుడు నడుపువాడు రెండవ అంచునకు జరిగి కూర్చుండవలెను. అంత దూరమునుండి చుక్కానిని త్రిప్పుటకు పొడుగుకర్రయే సాధనము.

ఈ యవసరము జంటపడవలలో మిక్కిలిగా కానవచ్చును. రెండు పడవలపై బల్లలు పరచిన బల్లకట్టు గోదావరి తీరమువారికి క్రొత్త కాదు. అట్లే రెండు సన్నని దోనెలను ఎడముగా నుంచి, దూలములతో కలిపి, తెరచాప ఎత్తినచో మిక్కిలి వేగముగా పరుగెత్తు పడవ యగును. లోకమంతయు దానిని కటమరాన్ అనుచున్నది. ఈ మాట తమిళుల కట్టుమరము నుండి పుట్టినది. కట్టిన మ్రాను అని దాని యర్థము. మన ఉత్తర కోస్తావారి తెప్పయు ఆ జాతిదే. ఆంగ్లేయ నావికుడు విలియం డాంపియర్ కోరమాండల్ తీరపు కట్టుమ్రానులను గూర్చి 1697లో వెలువడిన తన యాత్రాగ్రంథమున వ్రాసెను. ప్రక్కప్రక్కన కట్టిన దుంగల పేరు రెండు దోనెల పడవకు దక్కుట భాషలోని చిత్రము. 1876లో అమెరికాలో నథానియెల్ హెరెషాఫ్ అను నౌకాశిల్పి అట్టి జంటదోనెల పడవను నిర్మించి పందెమున నడిపించెను. నేడు వినోదమునకు వాడు హోబీ 16 అను రకము సుమారు 5 మీటర్ల పొడవు, 2.4 మీటర్ల వెడల్పు గలది. బరువు 150 కిలోల లోపు. దానికి రెండు చుక్కానులు. వాని పిడులను ఒక అడ్డకడ్డీ కలుపును. ఆ కడ్డీ నడుమనుండి పొడుగుకర్ర బయలుదేరి అంచున కూర్చున్నవాని చేతికి అందును.

ఈ రెండు విధముల పొడుగుకర్రలకును ఒక ముఖ్యభేదము కలదు. పిడికి కదలకుండ బిగించి కట్టిన కర్ర పిడిలో భాగమై, తులాదండము వలె పనిచేయును. పొడవు రెట్టింపయినచో అవసరమగు బలము సగమగును. కాని ఆ కర్ర వంగుటకు చూచును. ఆ వంపు భారమంతయు అతుకుపై పడును. జంటపడవలోని కర్ర కీలుపై తిరుగునది. అది తులాదండము కాదు. త్రోయుటకు, లాగుటకు మాత్రమే ఉపయోగపడును. బలము దాని నిలువునా పోవును గనుక సన్నని గొట్టమైనను చాలును. అయితే ప్రక్కనుండి బరువు పడినచో ఓర్వలేదు. మొదటిది అతుకునొద్ద విరుగును. రెండవది తరచు కీలునొద్ద తెగును, లేదా ఎవరైన దానిపై కాలు మోపినపుడో, కూర్చుండినపుడో మడుగును.

అతుకుపై పడు భారమును ఒక లెక్కతో గ్రహింపవచ్చును. పొడుగుకర్ర పిడిపై 30 సెంటీమీటర్ల మేర ఆనియున్నదనుకొనుడు. ఆ యానిక యొక్క రెండు కొనలయందు రెండు కట్లు వేసితిమి. వెలుపలి కట్టునకు 1.5 మీటర్ల దూరమున సరంగు 10 కిలోల బరువంత బలముతో లాగెను. అప్పుడు లోపలి కట్టుపై 50 కిలోలు, వెలుపలి కట్టుపై 60 కిలోలు పడును. ఆనికను 60 సెంటీమీటర్లు చేసినచో అవియే 25, 35 కిలోలకు దిగును. త్రాడు మార్చలేదు, కర్ర మార్చలేదు. ఆనికను పెంచుటచేతనే భారము ఇంచుమించు సగమైనది. కావున దృఢముగా కట్టితినని తృప్తి పడుటకు ముందు పొడవుగా ఆనించితినా యని చూచుకొనవలెను.

ఇక కర్రను గూర్చి. వెదురు తేలికయైనది, వంగి మరల లేచునది. దానిని కొంతకాలము నీట నానవేసి, నీడలో ఆరబెట్టినచో పిండిపదార్థము తగ్గి పురుగు అంతగా సోకదు. వెదురునకు మేకు కొట్టరాదు. కొట్టినచో నిలువునా చీలును. కట్టు కణుపునకు చేరువగా వేయవలెను. తీరపు ఇసుకనేలల సరుగుడు తిన్నగా పెరుగును, గట్టిది. కాని ఎండలో త్వరగా ఆరినచో పగుళ్లు వారును. ఏ కొయ్యకైనను నీరు త్రాగునది కోసిన కొనయే. మర బిగించిన రంధ్రము కూడ అట్టిదే. అచ్చట చేరిన తడి లోలోపల కొయ్యను మెత్తబరచును. ఉప్పునీటిలో ఇనుపమేకు త్రుప్పు పట్టి చుట్టుప్రక్కల కొయ్యను కూడ పాడుచేయును. లోహపు గొట్టములకు మరియొక తెగులు కలదు. అల్యూమినియమునకు స్టెయిన్‌లెస్ ఉక్కు మర బిగించి ఉప్పునీట వాడినచో అల్యూమినియము క్రమముగా తినబడును. తెల్లని పొడి దానికి గుర్తు.

పడవను నీట దింపుటకు ముందు పరీక్షకు రెండు నిమిషములు చాలును. పిడిని ఒక చేత గట్టిగా పట్టి, పొడుగుకర్రను రెండవ చేత ఊపి చూడవలెను. అతుకునొద్ద కటకట మన్నను, ఆట యున్నను కట్టు సడలినదని యర్థము. రంధ్రముచుట్టు నల్లని వలయ మున్నచో కత్తిమొనతో పొడిచి చూడవలెను. మొన మెత్తగా దిగినచో ఆ కొయ్యకు కాలము చెల్లినది. రబ్బరు కీలును వంచి చూచినచో ఎండ చేసిన పగుళ్లు బయటపడును. కీలులో చేరిన ఇసుక ఆకురాయి వలె అరుగదీయును గనుక మంచినీటితో కడుగవలెను.

మరమ్మతు రెండు విధములు: దరి చేరుటకు చేయునది, నిలుచుటకు చేయునది. నీటిపై కర్ర విరిగినచో, విరిగిన చోటికి ఇరుప్రక్కల వెదురుబద్దలు ఆనించి, విరిగిన ఎముకకు కట్టు కట్టినట్లు త్రాడు చుట్టవలెను. చుట్లు దగ్గరదగ్గరగా వేసి, తుదకు కర్రల నడుమనుండి అడ్డముగా మరి నాలుగు చుట్లు లాగినచో కట్టు బిగియును. కోనసీమ కొబ్బరిపీచు త్రాడు ఉప్పునీటికి ఓర్చుకొనును. నైలాన్ త్రాడు బలమైనదే గాని తడిసినపుడు కొంత సాగును గనుక మరల బిగింపవలసి యుండును.

ఇంటికి చేరిన పిదప స్థిరమైన మరమ్మతు చేయవలెను. కొయ్యను అడ్డముగా కోసి అతికించినచో నిలువదు. మందమునకు ఎనిమిది రెట్ల పొడవున ఏటవాలుగా కోసి అతుకవలెను. మందము 4 సెంటీమీటర్లయినచో కోత 32 సెంటీమీటర్లు. రెండు ముఖములును పూర్తిగా ఆరియుండవలెను. ఎపాక్సీ జిగురు పూసి, బిగించి, పైన త్రాడు చుట్టవలెను. మడిగిన అల్యూమినియము గొట్టమును తిన్నగా సాగదీసి మరల వాడుట ప్రమాదకరము. ఒకసారి మడిగిన చోట లోహము బలము కోల్పోవును. ఆ భాగమును కోసివేసి, లోపల సరిగా పట్టు మరియొక గొట్టపు ముక్కను ఇరువైపులకు చాలినంత దూర్చి బిగింపవలెను. రబ్బరు కీలునకు ప్రక్కగా ఒక సన్నని త్రాడు వదులుగా కట్టియుంచినచో, కీలు తెగినను కర్ర చేయి జారి నీట పడదు.

మెత్తబడిన కొయ్యకును, పగిలిన రబ్బరుకును మాత్రము మరమ్మతు లేదు. వానిని మార్చుటయే మార్గము. క్రొత్త కర్ర వెల స్వల్పము. పాతదానిపై మమకారము ఎక్కువ. ఈ సీజను గడచిన తరువాత చూతమను మాట మొగ దాటునపుడు ఎవరికిని తోడు రాదు. పడవ గల ఇంట ఒక మంచి వెదురు నీడలో ఆరుచుండుటయు, పడవలో రెండు బారల త్రాడును, రెండు బద్దలును ఎల్లప్పుడు ఉండుటయు శ్రేయస్కరము.