కొలబద్ద ఎవరి చేతిలో

ఏ మతాన్నైనా లోపల నిలబడి చూస్తే దాని మాటలన్నీ ఒకదానితో ఒకటి పొంతన కుదిరే ఉంటాయి. చిక్కేమిటంటే, దానికి పూర్తిగా విరుద్ధమైన మరో మతం లోపల నిలబడి చూసినా అంతే కుదిరినట్టు కనిపిస్తుంది. ఏ పాపం ఎరుగని పసిబిడ్డ ఎందుకు బాధపడాలన్న ప్రశ్నకు పూర్వజన్మ కర్మను నమ్మేవారి దగ్గర ఒక జవాబు ఉంది, సృష్టికర్త సంకల్పం మానవబుద్ధికి అందదనేవారి దగ్గర మరొకటి ఉంది, పుట్టిన ప్రతి ప్రాణికీ దుఃఖం తప్పదు కనుక దాని కారణాన్ని వెతకాలనేవారి దగ్గర ఇంకొకటి ఉంది. వీటిలో ఏ జవాబూ తన వ్యవస్థలో తప్పు కాదు, పక్క వ్యవస్థలో మాత్రం అసలు జవాబే కాదు. మాటలు పరస్పరం పొసగకపోతే ఒక మతాన్ని కాదనడానికి అది కారణం కావచ్చు గాని, పొసగినంత మాత్రాన దాన్ని ఔననడానికి కారణం దొరికినట్టు కాదు. శతాబ్దాలపాటు వ్యాఖ్యాతలు పనిచేసిన ఏ సంప్రదాయంలోనైనా పైకి కనిపించే అతుకులు ఎప్పుడో సర్దుబాటై ఉంటాయి.

భారతీయ తార్కికులకు ఈ చిక్కు కొత్తది కాదు. బుద్ధుడు సర్వజ్ఞుడైతే సాంఖ్యదర్శన మూలపురుషుడైన కపిలుడు ఎందుకు కాడని, ఇద్దరూ సర్వజ్ఞులే అయితే వారి బోధల్లో అంత భేదం ఎలా వచ్చిందని నిలదీసే వాదం మీమాంసకుడు కుమారిల భట్టు పేరుతో ప్రసిద్ధమైంది. ఆయన చూపిన దారి కూడా ఆ ప్రశ్న నుంచే పుట్టింది: ప్రవక్త ఎవరైనా అతని అర్హత గురించి తగువు తప్పదు కనుక ఎవరూ రచించని వేదమే ప్రమాణం, అంటే నమ్మదగిన జ్ఞానానికి ఆధారం, అన్నాడు. వేదం ఎవరూ రచించనిదన్న సంగతి మాత్రం ఎలా తెలిసిందని ప్రతిపక్షం అడగనే అడిగింది.

ఆ తగువును తొమ్మిదో శతాబ్దపు కాశ్మీరంలో నైయాయికుడు, అంటే న్యాయదర్శన పండితుడు, జయంత భట్టు మరో మలుపు తిప్పాడు. శంకరవర్మ రాజ్యకాలాన్ని నేపథ్యంగా తీసుకొని ఆయన రాసిన ‘ఆగమడంబరం’ అనే సంస్కృత నాటకంలో సంకర్షణుడనే యువ మీమాంసకుడు వేదవిరోధులందరినీ వాదంలో ఓడించాలని బయలుదేరుతాడు. బౌద్ధులతో, జైనులతో తలపడతాడు. ఒకే నీలివస్త్రం చుట్టుకొని జంటలుగా తిరిగే నీలాంబరులనే శాఖను చూసి నివ్వెరపోతాడు. నీలాంబరులను రాజు నిషేధిస్తాడు. చివరికి ధైర్యరాశి అనే పండితుడు ఆగమాలన్నీ, అంటే పరంపరగా వస్తున్న మతగ్రంథాలన్నీ, ప్రమాణాలేనని నిండు సభలో తీర్పు చెబుతాడు. అయితే ఆ తీర్పు షరతులు లేనిది కాదు. జయంతుడు తన ‘న్యాయమంజరి’లో వాటిని విడమరచి చెప్పాడు: ఆ ఆగమానికి తెగని పరంపర ఉండాలి, పెద్దలు దాన్ని అసహ్యించుకోకూడదు, లోకానికి ఉద్వేగం కలిగించకూడదు, నిన్నమొన్న పుట్టినది కాకూడదు, మూలంలో లోభం ఉండకూడదు. ఆ కాలానికి ఎంతో ఉదారమైన జాబితా ఇది. కానీ ఏ మతం నిజమన్న ప్రశ్న ఇందులో ఎక్కడా లేదన్నది గమనించాలి. ఏ మతాన్ని రాజ్యంలో ఉండనివ్వాలన్న ప్రశ్న మాత్రమే ఉంది. జయంతుడు రాజసభకు చెందినవాడు, ఈ కొలబద్ద రాజసభ నుంచి చూసేవారికి పనికివచ్చే కొలబద్ద.

మతాన్ని ఏ కొలబద్దతో కొలవాలన్న ప్రశ్నను వెయ్యేళ్ల తర్వాత, పెద్దలు అసహ్యించుకున్న జనం వైపు నుంచి అడిగినవాడు భీమ్‌రావ్ రామ్‌జీ అంబేడ్కర్.

నాసిక్‌లో కాలారామ మందిర ప్రవేశం కోసం 1930లో మొదలై ఏళ్ల తరబడి సాగిన సత్యాగ్రహం ఫలించని నేపథ్యంలో, 1935 అక్టోబరు 13న యేవలా సభలో ఆయన తాను హిందువుగా పుట్టినా హిందువుగా చనిపోనని ప్రకటించాడు. ఏ మతంలోకి వెళ్తారో మాత్రం చెప్పలేదు. ఆ ఖాళీని చూసి ఇస్లాం, క్రైస్తవం, సిక్కు మతాల పెద్దలు ఆహ్వానాలు పంపారు. అప్పటి నుంచి 1956 దాకా గడిచిన ఇరవై ఒక్క సంవత్సరాలు, ఒక మనిషి తన కోసమే కాక లక్షలాది మంది కోసం మతాలను పక్కపక్కన పెట్టి తూచిన అరుదైన కాలం. 1936 మే నెలాఖరున ముంబైలో జరిగిన, తాను పుట్టిన మహార్ కులస్థుల సభలో ఆయన మతమార్పిడిని రెండు వైపుల నుంచి చూడాలని, సామాజికంగా, మతపరంగా, అంటే ఐహికంగానూ ఆధ్యాత్మికంగానూ, బేరీజు వేయాలని దాపరికం లేకుండా చెప్పాడు. ఆ సంవత్సరమే విడుదల చేసిన ప్రకటనలో ఇస్లాంకు, క్రైస్తవానికి ఉన్న ధనబలాన్ని, ప్రపంచవ్యాప్తమైన జనబలాన్ని ఒప్పుకుంటూనే, ఆ రెండింటిలోకి వెళ్తే దళితులు దేశ సంస్కృతికి దూరమవుతారని, పంజాబుకే పరిమితమైన సిక్కు మతం అంత ఆకర్షణీయం కాకపోయినా దేశం దృష్ట్యా మేలని వాదించాడు. సిక్కు మతాన్ని అధ్యయనం చేయడానికి అమృత్‌సర్‌కు అనుచరులను పంపాడు కూడా. ఆ ప్రయత్నం ముందుకు సాగలేదు.

ఇలాంటి లెక్కలు విన్నవారిలో కొందరు ఇది మతాన్వేషణ కాదు, రాజకీయ బేరసారమని ఎత్తిపొడిచారు, ఇప్పటికీ ఆ మాట అనేవారున్నారు. ఊరి బావి దగ్గర ఎవరి చేతా అడ్డు చెప్పించుకోని మనిషికి ఐహికాన్ని, ఆధ్యాత్మికాన్ని వేరుచేసి చూడటం సులువు. ఆ అడ్డునే మతం పేరుతో ఎదుర్కొనేవారికి ఆ రెండూ వేరువేరు ప్రశ్నలు కావు.

1950లో మహాబోధి పత్రికకు రాసిన వ్యాసంలో అంబేడ్కర్ బుద్ధుణ్ణి, యేసును, మహమ్మద్‌ను, కృష్ణుణ్ణి పోల్చి, మతానికి నాలుగు పరీక్షలు నిర్దేశించాడు: సమాజాన్ని నడిపే నీతిగా అది నిలబడాలి, హేతువుతో పొసగాలి, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాత్రాలను గుర్తించాలి, పేదరికాన్ని పవిత్రమని కీర్తించకూడదు. జయంతుని జాబితా పక్కన దీన్ని పెట్టి చూస్తే తేడా కళ్లకు కడుతుంది. పరంపర ఎంత పాతదన్న ప్రశ్న పోయింది, పెద్దల సమ్మతి పోయింది, లోకానికి ఉద్వేగం కలిగించరాదన్న షరతూ పోయింది.

ఈ నాలుగు పరీక్షలూ ఎక్కడి నుంచి వచ్చాయన్నది విమర్శకులు వేయదగిన ప్రశ్నే. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాత్రం అన్న మూడు మాటలూ ఫ్రెంచి విప్లవానివి కదా అన్నవారికి, వాటిని అక్కడి నుంచి తెచ్చుకోలేదని, తన గురువైన బుద్ధుని బోధ నుంచే గ్రహించానని అంబేడ్కర్ 1954 నాటి ఆకాశవాణి ప్రసంగంలో సమాధానమిచ్చాడు. అప్పుడు కొలబద్దను, కొలవవలసిన వస్తువు నుంచే తయారుచేసినట్టు అవుతుంది. ఈ ఆక్షేపణను తోసిపుచ్చలేము. అయితే పుట్టిన మతంలోనే ఉండిపోయే మనిషి కూడా ఆ మతం ఇచ్చిన కొలబద్దతోనే దాన్ని కొలుస్తాడు. అతనికి దాన్ని నలుగురి ముందు పెట్టవలసిన అవసరం రాలేదు, అంతే.

మరింత లోతైన విషయం మరొకటి ఉంది. తాను ఎంచుకున్న ధర్మంలోనే అంబేడ్కర్‌కు పొంతన కుదరని చోట్లు కనిపించాయి. ఆయన మరణానంతరం 1957లో వెలువడిన ‘బుద్ధుడు – ఆయన ధర్మం’ గ్రంథానికి రాసిన పరిచయంలో వాటిని ప్రశ్నలుగా పేర్చాడు. రోగిని, వృద్ధుణ్ణి, శవాన్ని ఇరవై తొమ్మిదేళ్ల వయసు దాకా చూడని రాకుమారుడు ఉండటం నమ్మశక్యమా అని అడిగాడు. నాలుగు ఆర్యసత్యాలు బుద్ధుని అసలు బోధలో భాగమేనా, లేక భిక్షువులు తర్వాత చేర్చినవా అని సందేహించాడు. ఆత్మ లేదన్నప్పుడు కర్మ, పునర్జన్మ ఎలా పొసగుతాయని నిలదీశాడు. భిక్షువు తన మోక్షం చూసుకునే పరిపూర్ణ మానవుడా, ప్రజాసేవకుడా అని తర్కించాడు. ఆర్యసత్యాలనే అనుమానించినవాడు బౌద్ధుడెలా అవుతాడని సంప్రదాయ బౌద్ధులు కొందరు ఆక్షేపించారు. పొంతన ఉన్నచోటికి వెళ్లడం కాక, వెళ్లిన చోట పొంతనను తానే నిర్మించుకోవడం ఆయన చేసిన పని. ఈ పనిలో ఆయనకు తోడ్పడిన పూర్వులలో చెన్నపట్నానికి చెందిన పోకల లక్ష్మీనరసు ఒకరు. బౌద్ధసారాన్ని హేతుదృష్టితో వివరిస్తూ 1907లో ఆయన ప్రచురించిన గ్రంథానికి 1948 నాటి ముద్రణలో అంబేడ్కర్ ముందుమాట రాశాడు.

1956 అక్టోబరు 14, విజయదశమి నాడు, నాగపూర్‌లో వృద్ధ భిక్షువు చంద్రమణి చేతుల మీదుగా అంబేడ్కర్ త్రిశరణాలు, పంచశీలాలు స్వీకరించాడు. ఆ వెంటనే గృహస్థు ఉపాసకుడైన తానే లక్షల జనానికి దీక్ష ఇచ్చి, ఇరవై రెండు ప్రతిజ్ఞలు చేయించాడు. వాటిలో ఒకటి ప్రత్యేకంగా చూడవలసినది: బుద్ధుడు విష్ణువు అవతారమన్న మాటను నమ్మనన్న ప్రతిజ్ఞ. దశావతారాల్లో బుద్ధుణ్ణి చేర్చుకున్న వ్యవస్థ, తనను ఎదిరించిన బోధను తనలోనే ఒక మెట్టుగా మార్చుకొని తన పొంతనను కాపాడుకుంది; ఆ ద్వారాన్ని మూయకపోతే ఎంచుకోవడమన్నదానికే అర్థం ఉండదని అంబేడ్కర్‌కు తెలుసు. దీక్ష తర్వాత రెండు నెలలు కూడా గడవకుండానే, డిసెంబరు 6న, ఆయన కన్నుమూశాడు.

తెలుగునాట ఈ ఎంపిక అంతకు చాలా ముందే మరో రూపంలో జరిగింది. ఒంగోలు ప్రాంతపు మాదిగలలో క్రైస్తవాన్ని మొదట స్వీకరించి దాన్ని ఊరూరా చేర్చిన యర్రగుంట్ల పేరయ్య అంతకుముందు రాజయోగ సాధన చేసినవాడు. శూన్యం నుంచి మతంలోకి రాలేదు, ఒక అన్వేషణను మరో అన్వేషణగా కొనసాగించాడు. 1876–78 కరవు కాలంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకొని పేదలకు పని చూపించాడు, తిండి కోసం చేరుతున్నారన్న నింద రాకుండా ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపాడు. తిరిగి మొదలుపెట్టాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కులం మాత్రం చర్చి గుమ్మం బయట ఆగిపోలేదు. మాల, మాదిగ సంఘాలు వేరువేరుగా ఆరాధించుకునే ఊళ్లు తర్వాత కూడా మిగిలాయి. భారతీయ క్రైస్తవంలో కులం కొనసాగడం అంబేడ్కర్ విమర్శల్లో ముఖ్యమైనది.

ఈ ఎంపికకు రాజ్యం తన వంతు లెక్క కట్టింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను ప్రధానంగా హిందువులకు పరిమితం చేయగా, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు. క్రైస్తవం స్వీకరించిన దళితులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఒక్క శాతం కోటా ఉన్న బీసీ–సీ జాబితాలో చేరతారు. వారిని షెడ్యూల్డు కులాల్లో చేర్చాలని కేంద్రాన్ని కోరుతూ 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసింది. అంతకు కొన్ని నెలల ముందు, 2022 అక్టోబరులో, మతం మారిన దళితుల హోదాను పరిశీలించే పనిని సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఏర్పడిన కమిషన్‌కు కేంద్రం అప్పగించింది.