ట్రాన్స్ మిక్స్‌లో గ్రహభేదం

ఉక్కు కర్మాగారం పనికని ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి, తరాలుగా జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. బిష్టుపూర్‌లో వాళ్లకో రామమందిరమూ ఉంది. ఆ ఇళ్ల పిల్లల్లో ఎవరైనా చిన్నప్పుడు నాలుగు గీతాలు, రెండు వర్ణాలు నేర్చుకుని, ఇప్పుడు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని ట్రాన్స్ అనే ఎలక్ట్రానిక్ నృత్య సంగీతాన్ని మిక్స్ చేయాలని చూస్తుంటే వాళ్లకో మాట. శ్రుతి కలిసే ట్రాకులను జతచేయడాన్ని డీజేలు హార్మోనిక్ మిక్సింగ్ అంటారు. ఆ విద్యలో సగం మీకు ముందే వచ్చు.

పెళ్లిలో డీజే ఒక పాటను చటుక్కున ఆపి ఇంకోటి వేసినా చెల్లుతుంది. ట్రాన్స్‌లో కుదరదు. నిమిషానికి 138 బీట్ల వేగంతో రెండు ట్రాకులు 32 బార్ల (బారుకు నాలుగు బీట్లు) పాటు కలిసి మోగాయంటే దాదాపు 56 సెకన్లు. పైగా ఈ సంగీతమంతా సాగదీసిన సింథసైజర్ స్వరాల మీదే నడుస్తుంది. ఒక ట్రాకులో సా 220 హెర్ట్జ్, రెండోదానిలో 233 అనుకోండి. రెండూ కలిసిన ధ్వని సెకనుకు 13 సార్లు పెరిగి తగ్గుతుంది. అంత దగ్గరి పౌనఃపున్యాలు లోపలి చెవిలోని పొరను దాదాపు ఒకే చోట కదిలిస్తాయి కనుక వాటిని విడదీయలేక మనకు గరగర వినిపిస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1863లోనే అపశ్రుతికి మూలం ఈ గరుకుదనమని వివరించాడు. తంబుర తీగ బిగిస్తున్నప్పుడు ఆ ఊగు క్రమంగా నెమ్మదించి ఆగిపోవడం విన్నవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు.

ఏ ట్రాకు పక్కన ఏది ఇముడుతుందో చెప్పడానికి డీజేలు మార్క్ డేవిస్ రూపొందించిన కేమెలాట్ చక్రం వాడతారు. 1 నుంచి 12 వరకు అంకెలు, మైనర్‌కు ఎ, మేజర్‌కు బి. ఎ మైనర్ 8ఎ, సి మేజర్ 8బి. ఈ రెంటిలో ఉన్నవి అవే ఏడు స్వరాలు, సా మాత్రమే మారింది. మన లెక్కలో శంకరాభరణంలో ధైవతాన్ని సా చేసుకుంటే నఠభైరవి వస్తుంది. గ్రహభేదం అంటే అదే! 8ఎ నుంచి 9ఎకు వెళ్తే పంచమం కొత్త సా అవుతుంది, ఒక్క స్వరం మారుతుంది. పాత సా చెవిలో ఇంకా ఉండగానే వింటే శుద్ధ ధైవతం చతుశ్రుతి అయి, నఠభైరవి ఖరహరప్రియ అయినట్టుంటుంది. అటు 7ఎకు వెళ్తే రిషభం శుద్ధమై తోడి పలుకుతుంది. గమకాలు లేనిదే రాగం లేదు, నిజమే. నేను చెబుతున్నది స్వరస్థానాల గురించి మాత్రమే. అయినా సెట్టు ఒక మెట్టు ఎక్కినప్పుడు వెలుగు, దిగినప్పుడు బరువు ఎందుకనిపిస్తాయో ఇంత సూటిగా చెప్పే మాట నాకు ఆ అంకెల్లో కనిపించదు. యంత్రపు దరువుకూ రాగానికీ చుట్టరికం కొత్తదీ కాదు. సంగీతకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లోనే రోలాండ్ 808, 303 యంత్రాల దరువుతో పది రాగాలు రికార్డు చేశాడు.

వేగం మార్చినప్పుడు మాత్రం జాగ్రత్త. రికార్డు ప్లేయర్ మీద వేగం పెరిగితే శ్రుతీ పెరుగుతుంది. పక్కపక్క స్వరస్థానాల మధ్య నిష్పత్తి 1.0595, అంటే ఆరు శాతానికి కాస్త తక్కువ. 130 బీట్ల ట్రాకును 138కి లాగితే అది ఒక స్వరస్థానం పైకి జరిగిపోతుంది. మీరు 8ఎ అని రాసుకున్నది 3ఎగా మోగుతుంది, చక్రంలో ఐదు గడుల దూరం! నేటి డెక్కుల్లో కీ లాక్ నొక్కితే శ్రుతి కదలదు. అది ధ్వనిని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒకదాని మీదికి ఒకటి జరిపి అతుకుతుంది. మార్పు ఎక్కువైతే కిక్ డ్రమ్ పదును మొద్దుబారుతుంది.

సాఫ్ట్‌వేర్ ట్రాకులో ఏ స్వరాల బలం ఎంతో కొలిచి కీ, అంటే సా ఏదో, మేజరో మైనరో చెబుతుంది. ఏడు స్వరాలూ ఒకటే అయిన మేజర్, మైనర్ జంటల దగ్గర, సాకు పంచమానికి మధ్య అది తరచూ తడబడుతుంది. అందుకే నా సలహా, హెడ్‌ఫోన్‌లో రెండో ట్రాకు వింటూ దాని సా పట్టుకుని మెల్లగా పాడండి. తర్వాత గాంధారం వెతకండి. సాధారణ గాంధారమైతే మైనర్, అంతర గాంధారమైతే మేజర్. స్పీకర్లో మోగుతున్నదానితో అది కలవకపోతే, మొదటి ట్రాకు చివర స్వరాలన్నీ తప్పుకుని డ్రమ్స్ మాత్రమే మిగిలే చోట రెండోదాన్ని ఎత్తుకోండి. ఆ బార్లు అక్కడ పెట్టింది డీజేల కోసమే.