వంటగదికి ముందు కొలత, తర్వాతే రంగు

మాడ్యులర్ కిచెన్ అనగానే చాలామంది ముందు చూసేది రంగు, మెరుపు. ఈ తరహాకు ఆద్యురాలిగా పేరున్న ఆస్ట్రియా ఆర్కిటెక్ట్ మార్గరెటే షూటే-లిహోట్‌స్కీ మాత్రం 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ నగర గృహాల కోసం వండేవారి అడుగులు లెక్కించారు. 3.4 మీటర్ల పొడవు, 1.9 మీటర్ల వెడల్పులోనే అన్నీ చేతికందేలా అమర్చారు.

మన ఇళ్లకూ అదే సూత్రం వర్తిస్తుంది. కూరగాయలు తరిగే గట్టు మోచేతికి 10-15 సెంటీమీటర్లు దిగువన ఉండాలి. దానిపై స్టవ్ పెడితే ఎత్తు పెరుగుతుంది కాబట్టి అక్కడ గట్టును ఇంకాస్త దించాలి. లేకపోతే గిన్నెలో గరిట తిప్పిన ప్రతిసారీ భుజాలు ఎత్తాల్సిందే. ఓపెన్ కిచెన్ అయితే పోపు ఘాటు హాలంతా కమ్ముతుంది. పొగను గొట్టంతో బయటికి పంపే చిమ్నీ తప్పనిసరి.

తలుపుల రంగు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. రాయి పరిచాక గట్టు ఎత్తు మార్చాలంటే పగలగొట్టాలి. డిజైన్ గీయకముందే రోజూ వండేవారి కొలతలు తీయించడం మేలు.