కట్ట విప్పితేనే లెక్క

వేసవి సెలవుల్లో మా మేనకోడలి కూతురు ఊరొచ్చింది. రెండో తరగతి చదువుతోంది. అరుగు మీద బాసింపట్టు వేసుకుని, బళ్ళో ఇచ్చిన లెక్కలు చేసుకుంటోంది. 52 లోంచి 27 తీసెయ్యాలి. జవాబు 35 అని వేసింది.

"ఎలా వచ్చిందమ్మా?" అన్నాను.

"పెద్దదాంట్లోంచే కదా తాతయ్యా చిన్నది తీసెయ్యాలి! ఏడులోంచి రెండు పోతే అయిదు. అయిదులోంచి రెండు పోతే మూడు" అంది, ఎక్కడా తడుముకోకుండా.

ఆ పొద్దున్నే పెరట్లో కొబ్బరి దింపు తీయించాం. రాశి కేసి చూపించి, "అక్కడ యాభై రెండు కాయలున్నాయనుకో. ఇరవై ఏడు కాయలు బేరగాడు పట్టుకెళ్ళాడు. మనకెన్ని మిగిలాయి?" అని అడిగాను. కాసేపు చూరుకేసి చూసింది. వేళ్ళు ముడిచింది. "ఇరవై ఏడుకి మూడు కలిపితే ముప్పై. ఇంకో ఇరవై అయితే యాభై. ఇంకో రెండు. ఇరవై అయిదు కాయలు తాతయ్యా" అంది. పలక మీది 35 మాత్రం చెరపలేదు. ఆ రెండూ ఒకటే లెక్క అని దానికి తట్టనేలేదు.

కొన్నాళ్ళు ఒకటీ రెండూ తరగతులకు పాఠం చెప్పినవాణ్ణి. ఈ 35ను నేను కొన్ని వందల పలకల మీద చూశాను. తప్పు అని ఇంటూ కొట్టేసి ముందుకు పోయిన రోజులు నాకూ ఉన్నాయి, అందుకు ఇప్పటికీ బాధపడతాను. ఎందుకంటే అది పరాకుగా చేసిన తప్పు కాదు. పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యాలని ఒకటో తరగతిలో మనమే చెప్పాం. ఆ పిల్ల ఆ మాటను బుద్ధిగా పాటించింది. 52లో అయిదు అంటే అయిదు పదులని చెప్పాం గానీ, చేతికి ఇచ్చి చూపించలేదు. దాని కంటికి అవి పక్కపక్కనే నిలబడ్డ రెండు అంకెలు, అంతే.

ఈ లెక్క దగ్గర ఆగిపోయేది మా ఇంటి పిల్ల ఒక్కతే కాదు. ప్రథమ్ సంస్థ దేశమంతటా పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి చేసే అసర్ సర్వేలో పిల్లలకు ఇచ్చే తీసివేత సరిగ్గా ఇలాంటిదే. రెండంకెల సంఖ్యలు, పక్క స్థానం నుంచి పది తెచ్చుకోవాల్సిన లెక్క. 2024లో మూడో తరగతి పిల్లల్లో 33.7 శాతం మందే దాన్ని చేయగలిగారు. ముగ్గురిలో ఇద్దరు ఈ గుమ్మం దాటకుండానే నాలుగో తరగతికి వెళ్తున్నారు. అక్కడ వాళ్ళకోసం భాగహారం కాచుకుని ఉంటుంది. 2021 జూలై 5న మొదలైన నిపుణ్ భారత్, మూడో తరగతి ముగిసేసరికి ప్రతి పిల్లకీ చదవడం, లెక్క చేయడం రావాలని 2026-27ను గడువుగా పెట్టుకుంది. గడువు దగ్గరకొచ్చేసింది.

మన తీసివేత పాఠంలో ఒక మాట నాకు మొదటినుంచీ మింగుడుపడదు. అప్పు. "రెండులోంచి ఏడు పోదు, పక్కింటి నుంచి ఒకటి అప్పు తెచ్చుకో" అంటాం. అప్పు తెస్తే తీర్చాలి కదా? ఈ అప్పు ఎవరూ తీర్చరు. పైగా తెచ్చింది ఒకటి, ఇంటికొచ్చేసరికి పది అవుతుంది! ఇంత చిత్రమైన అప్పును ఏడేళ్ళ పిల్ల ఎలా నమ్ముతుంది? నమ్మదు, బట్టీ పడుతుంది. పరీక్ష అయ్యాక మరిచిపోతుంది.

కోనసీమలో దీనికి మందు ప్రతి ఇంటి పెరట్లోనూ ఉంది. కొబ్బరాకు చీరి ఈనెలు తీస్తాం, చీపుర్లు కట్టుకుంటాం. ఆ ఈనెల్ని జానెడేసి ముక్కలు విరిచి, పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేస్తే లెక్కల పెట్టె తయారైనట్టే. 52 అంటే అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు. అందులోంచి 27 ఇమ్మంటే, పిల్ల ముందు రెండు కట్టలు ఇచ్చేస్తుంది. ఏడు పుల్లలివ్వాలి, ఉన్నవి రెండే. కాసేపు మన మొహంకేసి చూస్తుంది. ఆ చూపు దగ్గర పంతులు నోరు మూసుకోగలగాలి. అదే కష్టం. పది మంది పిల్లల్లో నలుగురైదుగురు ఎవరూ చెప్పకుండానే ఒక కట్ట విప్పుతారు. మిగతావాళ్ళు వాళ్ళను చూసి విప్పుతారు. ఒక కట్టకు పది పుల్లలని వాళ్ళే కట్టారు కాబట్టి, ఒకటి పది ఎలా అయిందన్న అనుమానం రాదు.

ఆ తర్వాత పలక మీద 5 కొట్టేసి 4 రాయడం, 2 ముందు చిన్న 1 పెట్టడం, ఇవన్నీ చేతులు చేసిన పనికి గుర్తులవుతాయి. వస్తువు ముందు, మాట తర్వాత, గుర్తు చివర. ఈ వరుస తప్పించి మనం గుర్తుతో మొదలుపెడుతున్నాం.

మాట అన్నాను కదా, తెలుగు ఈ విషయంలో మనకు పెద్ద సాయం. పదకొండు నుంచి పందొమ్మిది దాకా ప్రతి పేరూ పదితోనే మొదలవుతుంది. పదమూడు, పదిహేను, పదహారు... మోత ఒకటే. ఇరవై పాత రూపం ఇరువది, ముప్పై ముప్పది, అరవై అరువది. చివర ఉన్న ఆ 'వది', 'పది' మన పదే. అరువది అంటే ఆరు పదులు. అంటే స్థాన విలువ మన నోట్లోనే నానుతోంది. ఇరవై తర్వాత ఇరవై ఒకటి, ఇరవై రెండు అని నడక నేరుగా సాగుతుంది. హిందీ పిల్లవాడు దాదాపు వంద దాకా ఒక్కో సంఖ్యకు ఒక్కో పేరు విడిగా నేర్చుకోవాలి. ఇంగ్లీషు పిల్లవాడు ఎలెవెన్, ట్వెల్వ్ దగ్గర పదిని చూడలేడు, ఫిఫ్టీన్‌కీ ఫిఫ్టీకీ మధ్య తికమకపడతాడు. మనకు పదిహేనుకీ యాభైకీ ఎక్కడా పోలికే లేదు.

మన పిల్లలు మాత్రం ఇప్పుడు ఆ తికమకను కొని తెచ్చుకుంటున్నారు. 2020-21 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో పాఠ్యపుస్తకం ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. మంచి ఏర్పాటే, ఎదుటి పేజీ వాడితే! మధ్యాహ్నం పూట ఏ ఊరి బడి పక్కనుంచి నడిచినా వినిపించేది "టూ వన్‌జా టూ, టూ టూజా ఫోర్" అన్న పాట. ఆ 'జా' ఏమిటో పిల్లలకు తెలియదు. అది 'వన్స్ ఆర్' అన్న రెండు మాటలు అరిగిపోయి మిగిలిన ముక్క. "రెండు మూళ్ళు ఆరు" అన్నప్పుడు మూళ్ళు అంటే ఏమిటో చూపించవచ్చు. మూడేసి చింతపిక్కల కుప్పలు రెండు. రెళ్ళు, మూళ్ళు, అయిదులు అని అంకెకే బహువచనం పెట్టి గుణకారాన్ని కుప్పలుగా చెప్పిన భాష మనది. ఇంగ్లీషు నేర్పవద్దని నేననను. రెండో తరగతి దాకా లెక్క తెలుగులో అర్థమయ్యాక, దానికి ఇంగ్లీషు పేరు పెట్టుకోవడానికి ఎంతసేపు పడుతుంది?

ఈ నేల మీద తెలుగులో లెక్క చెప్పడం కొత్త కాదు. రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కాలంలో నన్నయ భారతం మొదలైంది. ఆ పదకొండో శతాబ్దానికే చెందినవాడని చెప్పే పావులూరి మల్లన, మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. పిఠాపురం దగ్గరి నవఖండవాడ అగ్రహారం ఆ వంశానిదని సాహిత్య చరిత్రలు చెబుతాయి. అదే పేరున్న తాతా మనవళ్ళలో ఆ కవి ఎవరన్న చర్చ ఇంకా ఉంది. ఎవరైనా కానివ్వండి, భారతంతో పాటే గణితమూ తెలుగులోకి రావాలనుకున్నారు. నాకు అది గొప్పగా తోస్తుంది.

తర్వాతి కాలపు వీధిబడి గురించి కూడా చెప్పుకోవాలి. మద్రాసు గవర్నరు మన్రో 1822లో బడుల వివరాలు అడిగితే, రాజమండ్రి జిల్లా నుంచి 291 బడుల లెక్క వెళ్ళింది. పిల్లలు ఇసుకలో వేలితో దిద్దేవారు. దిద్దిన అక్షరం చేతికి తెలిసేది, తప్పైతే అరచేత్తో తుడిచేసేవారు. కానీ అంతా బంగారమేం కాదు. ఆ విచారణకే జవాబిచ్చిన బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్, తెలుగుకు వ్యాకరణం రాసినవాడు, పిల్లలు పద్యాలు అర్థం తెలియకుండానే వల్లిస్తున్నారని బాధపడ్డాడు. ఎక్కాలకూ ఆ మాట వర్తించి ఉంటుందని నా అనుమానం.

మరి బడి మానేసి రాశుల దగ్గర కూర్చోబెడితే లెక్క వస్తుందా? రాదు. బ్రెజిల్‌లోని రెసీఫె వీధుల్లో సరుకులమ్మే పిల్లల్ని గమనించి ముగ్గురు పరిశోధకులు 1985లో ఒక వ్యాసం ప్రచురించారు. అందులో ఒక కొబ్బరికాయల కుర్రాడున్నాడు, పన్నెండేళ్ళవాడు. కాయ 35 క్రుజైరోలు. పది కాయలెంత అంటే, మూడు కాయలు 105, ఇంకో మూడు కలిపితే 210 అంటూ కూడుకుంటూ 350 దాకా వచ్చాడు. మా కోనసీమ అంబాజీపేటలో కొబ్బరికాయలమ్మే ఏ పిల్లాడైనా అలాగే చేస్తాడు. బేరం దగ్గర ఆ పిల్లలు 98 శాతం సరిగ్గా చెప్పారు. అవే లెక్కలు కాగితం మీద ఉత్త అంకెలుగా ఇస్తే 37 శాతమే. 2025 ఫిబ్రవరిలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ తదితరులు నేచర్ పత్రికలో కోల్‌కతా, ఢిల్లీ బజారు పిల్లల గురించి రాసిందీ ఇదే. ఇంకో సంగతి కూడా తేల్చారు. బడి లెక్కలు బాగా చేసే పిల్లలు బజారు లెక్క దగ్గర తడబడ్డారు. ఆ రెండు ఒడ్లూ వాటంతటవే కలవవు. పడవ వేసేది పంతులే.

పడవకు సరుకు ఇళ్ళల్లోనే ఉంది. అష్టాచెమ్మాలో గవ్వలు పడగానే లెక్కపెట్టకుండానే ఎన్నో చెప్పేస్తారు పిల్లలు. నాలుగింటిని పుంజీ అంటాం. అరటి గెలకు ఎన్ని అత్తాలు, అత్తానికి ఎన్ని కాయలు అని రావులపాలెం పిల్లల్ని అడగొచ్చు. వంటింట్లో పాత కొలపాత్రలుంటే ఇంకా మేలు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. బియ్యం పోసి చూపిస్తే సగం, పావు అన్నవి మూడో తరగతిలో భయపెట్టవు. మన పెద్దలు భిన్నాన్ని నాలుగోవంతు, అందులో మళ్ళీ నాలుగోవంతు అని చీల్చుకుంటూ పోయి, దానికి వేరే అంకెలే పెట్టుకున్నారు. ఆ వరుసలో ఖాళీ చోట పెట్టే గుర్తుకు హళ్లి అని పేరు. "హళ్లికి హళ్లి, సున్నకు సున్న" అని మనం ఇవాళ్టికీ అనేది దాన్నే. ధాన్యం కొలిచేటప్పుడు ఒకటికి బదులు "లాభం" అని మొదలుపెట్టి, రెండు, మూడు అని సాగడం కూడా పిల్లలకు వినిపించాలి. పేరు మారినా లెక్క మారదని వాళ్ళే పట్టుకుంటారు.

ఆ సాయంత్రం మేనకోడలి కూతురూ నేనూ కలిసి ఈనెలు విరిచాం. 52 చేసింది. 27 ఇమ్మంటే, ఒక కట్ట విప్పి ఇచ్చింది. మిగిలినవి లెక్కపెట్టుకుని పలక కేసి చూసి, తనే 35 తుడిచేసింది. మర్నాడు పది కట్టల్ని కలిపి కొబ్బరి పీచు తాడుతో ఒక పెద్ద కట్ట కట్టి ముందు పెట్టాను.

"ఇది వంద. ఇందులోంచి ముప్పై ఏడు ఇయ్యి."

తాడు విప్పింది. పది కట్టలు అరుగు మీద పడ్డాయి. మూడు నా వైపు తోసింది. ఇంకా ఏడు పుల్లలివ్వాలి. నా మొహంకేసి చూడలేదు. నాలుగో కట్ట చేతిలోకి తీసుకుని, పళ్ళతో రబ్బరు బ్యాండు లాగింది.