లెక్కల గడిలో లింకు: కనిపించే నెంబరు ఒకటి, తెరుచుకునే బిల్లు మరొకటి కారాదు

పద్దు ఎంత పొందికగా రాసి ఉన్నా, అడిగినప్పుడు దాని వెనుక ఓచరు చూపలేకపోతే తగాదాలో అది నిలవదు. కర్నూలు, ఆదోని, కడప మార్కెట్లలో చాలా దుకాణాల లెక్కలు చేతిరాత పుస్తకాల నుంచి ఎక్సెల్ షీట్లలోకి మారినా ఈ నియమం మాత్రం మారలేదు. మారినదల్లా పద్దు నుంచి ఓచరుకు వెళ్లే దారి.

పాత పద్ధతిలో చిట్టాలో ప్రతి పద్దు పక్కనా ఆవర్జా పుట సంఖ్య వేసేవారు. గుమాస్తా ఆ సంఖ్య చూసి ఆవర్జా తిప్పేవాడు, ఓచర్ల కట్టలోంచి కాగితం తీసేవాడు. ఎక్సెల్ 97తో వచ్చిన హైపర్‌లింకు చేసే పని కూడా అదే. బిల్లు నెంబరు ఉన్న గడిని నొక్కితే స్కాను చేసి దాచిన బిల్లు తెర మీదకు వస్తుంది. రోజుకు పది పద్దులుంటే ఈ లింకులను చేత్తోనే వేసుకోవచ్చు. సీజనులో వందల పద్దులు పడే దుకాణానికి కోడ్‌తో, అంటే మాక్రోతో, వేయక తప్పదు. చిక్కులు సాధారణంగా అక్కడే మొదలవుతాయి.

రెండు భాగాలు

లింకులో రెండు భాగాలుంటాయని వర్తకులు ముందుగా గుర్తించాలి. ఒకటి గడిలో కనిపించే అక్షరాలు. రెండోది దాని వెనుక ఉండే చిరునామా. ఈ రెండింటికీ పరస్పర సంబంధం లేదు. ఒకటి మారితే రెండోది దానంతట అది మారదు. పైగా లింకులో ఉండేది చిరునామాయే గాని కాగితం కాదు.

ఉదాహరణకు కర్నూలు ఉల్లి వర్తకుడు తాడేపల్లిగూడెం మార్కెట్టుకు లోడు పంపుతూ, ప్రతి లారీకి వేబ్రిడ్జి స్లిప్పును ఫోటో తీసి దాచుకుంటున్నాడనుకుందాం. పై వరుసను కాపీ చేసి కింద అతికించి, 213 అన్న చోట 214 అని టైపు చేయడం గుమాస్తాల అలవాటు. గడిలో 214 కనిపిస్తుంది, నొక్కితే 213 తెరుచుకుంటుంది. మాక్రో గడిలోని విలువను మాత్రమే మార్చినా ఫలితం ఇదే. తరుగు ఎక్కువ వచ్చిందని అవతలి వర్తకుడు ఫోను చేసినప్పుడు, తొందరలో ఈ స్లిప్పే పంపిస్తే, సరుకు సక్రమంగా తూచి పంపిన వర్తకుడి మాటకే విలువ తగ్గుతుంది. తెగిపోయిన లింకు నొక్కగానే తెరుచుకోనని చెబుతుంది. తప్పు బిల్లుకు వెళ్లే లింకు ఏమీ చెప్పదు. రెండింటిలో నష్టకరమైనది ఇదే.

చేర్చిన లింకు, ఫార్ములా లింకు

ఎక్సెల్‌లో లింకులు రెండు రకాలు. ఇన్సర్ట్ మెనూ ద్వారా గాని, మాక్రో ద్వారా గాని గడికి తగిలించేది మొదటిది. హైపర్‌లింక్ అనే ఫార్ములాతో తయారయ్యేది రెండోది. చూపుకు రెండూ ఒకే తీరుగా ఉంటాయి గాని, కోడ్‌కు రెండూ ఒకటి కావు. షీటులోని లింకుల జాబితా అడిగితే మాక్రోకు మొదటి రకమే దొరుకుతుంది. ఫార్ములాతో వేసినవి ఆ జాబితాలో ఉండవు. అందువల్ల తనిఖీ మాక్రో తప్పులేవీ లేవని చెప్పినంత మాత్రాన ఫార్ములా లింకులన్నీ సరిగ్గా ఉన్నాయని అనుకోరాదు.

సంఖ్యలోనూ తేడా ఉంది. ఒక షీటులో మొదటి రకం లింకులకు 65,530 అని హద్దు ఉంది. రోజుకు 300 చీటీల చొప్పున 220 రోజులు నడిచిన దుకాణానికి 66,000 పద్దులవుతాయి. అంటే ఏడాది ముగియకముందే ఆ హద్దు దాటిపోతుంది. నెలకొక షీటు పెట్టుకుంటే ఈ బెడద ఉండదు. ఫార్ములా లింకులు ఈ లెక్కలోకి రావు.

కోడ్‌తో వేసే పద్ధతి

మాక్రోలో వాడే ఆజ్ఞ పేరు హైపర్‌లింక్స్ యాడ్. దానికి ముఖ్యంగా నాలుగు వివరాలు అందించాలి. లింకు ఏ గడికి తగిలించాలో చెప్పేది యాంకర్. ఏ ఫైలు తెరవాలో చెప్పేది అడ్రస్. ఫైలులో ఏ షీటు, ఏ గడి అని చెప్పేది సబ్ అడ్రస్. గడిలో ఏమి కనిపించాలో చెప్పేది టెక్స్ట్ టు డిస్‌ప్లే. అదే పుస్తకంలోని మరో షీటుకు, అంటే మొత్తాల పట్టిక నుంచి దళారీ ఖాతా షీటుకు, వెళ్లాలంటే అడ్రస్‌ను ఖాళీగా ఉంచి సబ్ అడ్రస్ మాత్రం ఇవ్వాలి.

మాక్రో ఒక్కొక్క వరుస చదువుతూ, బిల్లు నెంబరు తీసుకుని, దానికి ఫోల్డరు పేరు చేర్చి చిరునామా కడుతుంది. అయితే ఆ చిరునామాలో ఫైలు ఉన్నదో లేదో ఎక్సెల్ చూడదు. లేని ఫైలుకు కూడా నీలి అక్షరాల లింకు చక్కగా వేస్తుంది. కనుక లింకు వేసే ముందు డిర్ అనే ఆజ్ఞతో ఫైలు ఉన్నదా అని అడిగి, లేకపోతే పక్క గడిలో 'ఓచరు లేదు' అని రాసేటట్లు మాక్రో రాయించుకోవాలి. ఈ ఒక్క జాగ్రత్తతో స్కాను చేయని బిల్లులు ఆ రోజే బయటపడతాయి.

మాక్రో వద్దనుకునేవారికి ఫార్ములా మేలు. ఫోల్డరు దారిని ఒకే గడిలో రాసి, ఫార్ములా మొదటి భాగంలో ఆ దారినీ, అదే వరుసలోని బిల్లు నెంబరునూ, ఫైలు రకాన్నీ కలపాలి. రెండో భాగంలో బిల్లు నెంబరు ఇవ్వాలి. కనిపించే నెంబరు, తెరుచుకునే చిరునామా రెండూ ఒకే గడి నుంచి పుడతాయి గనుక పైన చెప్పిన 213, 214 తారుమారు ఇక్కడ జరగదు. కంప్యూటరు మారినా ఆ ఒక్క గడిలో దారి మారిస్తే చాలు.

ఎక్కడ తెగుతుంది

పుస్తకాన్ని ఒక్కదాన్నే మరో చోటికి మారిస్తే లింకులు తెగుతాయి. చేర్చిన లింకుల చిరునామాను ఎక్సెల్ మామూలుగా పుస్తకం ఉన్న చోటును బట్టి రాసుకుంటుంది. బిల్లుల ఫోల్డరును పుస్తకంతో పాటే కలిపి మారిస్తే అవి పనిచేస్తాయి.

నడుమ వరుసలు చేర్చినా సబ్ అడ్రస్ పాత చోటునే చూపుతుంది. కడప పసుపు వర్తకుడు లాటు షీటు నుంచి తేమ, పాలిష్ వివరాల షీటుకు లింకు వేసుకున్నాడనుకుందాం. పైన ఐదు వరుసలు చేరిస్తే లింకు ఐదు వరుసలు పైనున్న వేరే లాటుకు వెళ్తుంది. గడి చిరునామాకు బదులు ఆ గడికి ఒక పేరు పెట్టి, ఆ పేరుకు లింకు వేస్తే ఈ పొరపాటు రాదు. గడి కదిలితే పేరూ దానితో కదులుతుంది.

ఫైలు పేర్లలో హ్యాష్ గుర్తు వాడరాదు. ఎక్సెల్ ఆ గుర్తు దగ్గర ఫైలు పేరు ముగిసిందనుకుంటుంది. దాని తర్వాత ఉన్నదాన్ని లోపలి చోటుగా తీసుకుంటుంది.

ఆడిటరుకు పంపేటప్పుడు

పుస్తకం ఒక్కటే మెయిల్ చేస్తే ఓచర్లు వెళ్లవు. ఫోల్డరు మొత్తం పంపాలి, అవతలివారు దాన్ని పూర్తిగా విప్పుకున్న తర్వాతే పుస్తకం తెరవాలి. ఇంటర్నెట్ ద్వారా వచ్చిన ఫైళ్లలోని మాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 నుంచి మామూలుగా అడ్డుకుంటున్నది. కనుక మాక్రోను దుకాణంలోనే నడిపి, లింకులు వేసిన మామూలు పుస్తకాన్ని పంపడం మంచిది. లింకు తెరుచుకోవడానికి మాక్రో అవసరం లేదు. బిల్లులను ఆన్‌లైన్ డ్రైవులో దాచేవారు అనుమతి ఎవరికి ఇచ్చారో చూసుకోవాలి. రైతుల బ్యాంకు ఖాతా వివరాలు ఉన్న కాగితాలు లింకు దొరికిన ప్రతివారికీ తెరుచుకోరాదు.

ఇతరులు పంపిన షీట్ల విషయంలోనూ రెండు భాగాల సంగతి మరువరాదు. గడిలో బ్యాంకు పేరు కనిపించినా వెనుక చిరునామా మరొకటి కావచ్చు. గడి మీద మౌసు బాణం ఉంచితే సాధారణంగా అసలు చిరునామా కనిపిస్తుంది. అది చదివి గాని నొక్కరాదు.

ఏడాది చివరి తనిఖీ

జీఎస్టీ చట్టం 36వ సెక్షను ప్రకారం వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల వరకు లెక్కలు భద్రపరచాలి. 2023–24 లెక్కలకు ఆ గడువు 2024 డిసెంబరు 31 గనుక, వాటిని 2030 డిసెంబరు 31 వరకు ఉంచాలి. రైతుల వద్ద నేరుగా ముడి పత్తి కొనే రిజిస్టరు వర్తకులు 2017 నవంబరు 15 నుంచి పన్ను తామే చెల్లిస్తున్నందున, ఆదోని పత్తి వర్తకుల వద్ద ఇలాంటి కాగితాలు మరింత ఎక్కువ. ఈ ఆరేళ్లలో కంప్యూటరు, గుమాస్తా, ఫోల్డరు పేరు ఏదైనా మారవచ్చు.

కనుక మార్చి 31 లెక్కలు ముగించే ముందు తనిఖీ మాక్రోను ఒకసారి నడపాలి. అది చేర్చిన ప్రతి లింకు చిరునామానూ చదివి రెండు ప్రశ్నలు వేయాలి. ఆ ఫైలు ఉన్నదా? ఫైలు పేరులోని నెంబరు, గడిలోని నెంబరు ఒకటేనా? ఫార్ములా లింకులకైతే ఫోల్డరు దారి, బిల్లు నెంబరు కలిపి ఫైలు ఉన్నదో లేదో చూడాలి. తేడా వచ్చిన వరుసలను వేరే షీటులో రాయించి, బిల్లు పుస్తకాలు అందుబాటులో ఉండగానే సరిచేసుకోవాలి. ఆ తర్వాత పుస్తకాన్నీ బిల్లుల ఫోల్డరునూ కలిపి వేరొక డిస్కులో ఒక నకలు ఉంచి, దానిలోంచి ఐదారు లింకులు నొక్కి చూసుకుంటే ఆ ఏడాది లెక్క పూర్తయినట్లే.